పోగు కనపడిన వారాలు

అనంతపురం నుంచి ధర్మవరం వచ్చే బస్సులో, కిటికీ పక్కన కూర్చున్న మా అత్త నా వైపు వంగి, జాకెట్టు చేతి మీద నుంచి ఏదో గిల్లినట్టు తీసింది. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని వెలుగులోకి ఎత్తింది. నాకు మొదట ఏమీ కనపడలేదు. ఆమె వేళ్ళు కొంచెం తిప్పితే సన్నగా మెరిసి మళ్ళీ మాయమైంది. పట్టు పోగు. అదీ ఒంటి పోగు.

"వంకాయ రంగు," అంది. "మన మగ్గంది గాదు. పక్కింటోళ్ళది. యాడ అంటించుకొచ్చినావే?"

నేను పోగును కాదు, ఆమెను చూశాను. ఐదారేళ్ళుగా మా అత్త పట్టు పోగును కంటితో చూడలేదు. వేలితో తడిమితే తెలుసుకుంటుంది, అంతే. బియ్యంలో రాళ్ళు ఏరే పని ఎప్పుడో నాకు అప్పజెప్పింది. అన్నంలో వెంట్రుక వస్తే పంటి కింద పడ్డాకే ఆమెకు తెలిసేది. అలాంటి మనిషి కుదుపుల బస్సులో ఒంటి పోగు చూసి, రంగు చెప్పి, అది ఏ ఇంటి మగ్గానిదో కూడా చెప్పింది. ఆ పోగును చూపుడువేలికి చుట్టుకుని, ఊరు వచ్చేదాకా వేలు దగ్గరికి తెచ్చుకుని దూరం పెట్టుకుని చూసుకుంటూనే ఉంది. నా ఒడిలో మూడేళ్ళ మా పాప నిద్రపోతోంది. మా ముగ్గురిలో ఆ పూట సంతోషంగా ఉన్నది మా అత్తే.

మేము వస్తున్నది ఆస్పత్రి నుంచి. అక్కడికి రోజూ పోతున్నది కంటి కోసం కాదు, ఆమె కాలి కోసం.

ఆ ఎండాకాలంలో ఒక గుడికి పోయినప్పుడు, మిట్టమధ్యాహ్నం బండల మీద చెప్పుల్లేకుండా ప్రదక్షిణలు చేసింది మా అత్త. మిగతావాళ్ళంతా గెంతుతూ నీడకు పరిగెత్తితే తాను నింపాదిగా తిరిగిందట. దేవుడు తన పాదాల కింద చల్లగా చేశాడని ఇంటికొచ్చి చెప్పింది. ఆమెకు షుగరు ఉందని అందరికీ తెలుసు. పాదాల్లో స్పర్శ పోయిందని మాత్రం ఎవరికీ తెలియదు, ఆమెకు కూడా. సాయంత్రానికి కుడి పాదం కింద, బొటనవేలి మొదట్లో బొబ్బ లేచింది. బొబ్బ పుండయింది. వానాకాలమని పేరు పెట్టుకున్న నెలలు చినుకు రాల్చకుండానే పోయాయి గానీ పుండు మానలేదు. పసుపు పెట్టాం, ఆకు పసరు పెట్టాం, మందులషాపులో అడిగి పూత మందు పెట్టాం. చివరికి అనంతపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోతే, డాక్టరమ్మ పుండులోకి సన్నటి కడ్డీ దింపి లోతు చూసి, నన్ను బయటికి పిలిచింది. ఇది ఎముకకు తగిలితే పాదం ముందు భాగం తీసేయాల్సి వస్తుందని చెప్పింది. ముందుగా ఒక ప్రయత్నం చేద్దామంది: ఒత్తిడి పెంచిన గదిలో ఆక్సిజన్ ఇచ్చే చికిత్స. ఆదివారం తప్ప రోజూ రావాలి. ఆరు వారాలు, అవసరమైతే ఇంకో రెండు. దాంతోపాటు ఆ కాలి మీద బరువు పడనే కూడదు.

నేను గుంతకల్లులో రైల్వే క్వార్టర్సులో పెరిగినదాన్ని. బీయస్సీ చదివి, మగ్గం ఉన్న ఇంటికి కోడలినై వచ్చాను. మామ పోయి చాలా ఏళ్ళయింది. నా భర్త మగ్గం దిగితే ఇల్లు గడవదు. కాబట్టి తీసుకుపోవాల్సింది నేనే. నిజానికి నాకు ప్రతిదానికీ భయం. పాప దగ్గితే లేచి కూర్చుంటాను, దగ్గకపోయినా లేచి ఊపిరి ఆడుతోందో లేదో చూస్తాను. కానీ ఆ రోజు ఆస్పత్రి మెట్లు దిగుతూ, నా భుజం పట్టుకుని కుంటుతున్న మా అత్తను చూసినప్పుడు ఒక మాట నాలో గట్టిపడింది. ఈ మనిషి రెండు కాళ్ళతో ఈ మెట్లెక్కింది, రెండు కాళ్ళతోనే దిగుతుంది.

ఆ గది అన్నది నిజానికి గది కాదు, మనిషి పడుకునేంత గాజు గొట్టం. మా అత్త దానికి మొదటిరోజే గాజు పెట్టె అని పేరు పెట్టింది. లోపలికి పోయేముందు ఆస్పత్రివాళ్ళిచ్చే నూలు బట్టలే కట్టుకోవాలి. తలకు నూనె ఉండకూడదు, ముఖానికి పౌడరు ఉండకూడదు, గాజులు, పిన్నీసులు, మొలలో తాళంచెవులు ఏవీ ఉండకూడదు. నిప్పురవ్వ పుట్టే వీలున్నదేదీ లోపలికి పోకూడదని కారణం. నూనె లేని తలతో ఊరు దాటడం మా అత్తకు కాలి పుండు కంటే పెద్ద బాధయింది. పక్షి గూడులాగుందని రోజూ బస్సులో కొంగు కప్పుకునేది. లోపల ఒత్తిడి పెరిగేటప్పుడు చెవులు మూసుకుపోతాయి, గుటకలు మింగమనేవాళ్ళు. మొదటిరోజు ఆమె గాజులోంచి నన్నే చూస్తూ గుటకలు వేస్తుంటే, ఈ పక్క నిలబడి నేనూ వేశాను. తర్వాత ఆమెకు అలవాటైపోయింది. గంటన్నర సుఖంగా నిద్రపోయి, బయటికొచ్చాక కొండెక్కి దిగినట్టుందని చెప్పేది.

మూడు వారాలు దాటాక జరిగింది, నేను మొదట చెప్పిన బస్సు సంగతి.

ఆ మరుసటి రోజు నుంచి ఇంట్లో చూపు తప్ప వేరే మాట లేదు. సూదిలో దారం తానే ఎక్కించింది. పాప గోళ్ళు తానే తీసింది. గోడ మీద క్యాలెండరు దించి, చదువు రాకపోయినా అందులో ఏకాదశి గుర్తులన్నీ వేలు పెట్టి లెక్కించింది. మధ్యాహ్నానికి వీధి వీధంతా తెలిసిపోయింది. మా వీధి మగ్గాల వీధి. నలభై దాటితే ప్రతి ఆడమనిషికీ, మగమనిషికీ దగ్గరి చూపు మసకబారుతుంది, మసకబారగానే ముందు పోయేది చేతి పని. అందుకే ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నన్ను పట్టుకున్నారు. ఆ గాజు పెట్టెలో ఎంతసేపు పండుకోవాలి, కండ్లకు వేరే పెట్టె ఉందా, లేక కాలికీ కంటికీ ఒకటే పెట్టెనా అని అడిగారు. పుండు లేకపోయినా చేర్చుకుంటారా అని ఒకామె. కావాలంటే పుండు చేసుకుని వస్తానంది ఇంకొకామె, నవ్వుతూనే గానీ సగం నిజంగా. పక్కింటామె మాత్రం నవ్వలేదు. రేపటి నుంచి తన తల్లిని కూడా నాతో బస్సెక్కిస్తానని ఖాయం చేసుకుని పోయింది. అది కంటి వైద్యం కాదని నేనెంత చెప్పినా, మా అత్త మంచం మీద నుంచి, "దానికి తెల్దులే, అది పెట్టెలో పండుకోలేదు గదా," అంది.

నాకు తెలియని మాట నిజమే. అందుకే భయం మొదలైంది. ఊరికే వచ్చిన చూపు ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ వారంలోనే ఆస్పత్రి వరండాలో ఇంకోటి జరిగింది. నేను చీటీ రాయించుకోవడానికి పోయి వచ్చేసరికి మా అత్త బెంచీ మీద కూర్చుని, బిస్కట్టు చేత్తో పట్టుకుని, వరండా చివరనున్న ఒక పిల్లను "రా పాపా, రా" అని పిలుస్తోంది. ఆ పిల్లకు కూడా మా పాపలాగే ఎర్ర గౌను ఉంది గానీ, మనిషి ఎవరో పరాయిపిల్ల. మా పాప ఇటువైపు మెట్ల మొదట్లో, కిందికి ఒక కాలు పెట్టి నిలబడి ఉంది. నేను పరిగెత్తి పట్టుకున్నాను. పాపను చంకనేసుకుని, వరండా చివరి గోడ మీదున్న పెద్ద గడియారం చూపించి టైమెంతయిందని అత్తను అడిగాను. గడియారం యాడుండాదని అడిగింది ఆమె. గుండ్రంగా తెల్లగా ఏదో ఉన్నట్టుంది గానీ ముళ్ళు లేవంది. నెల కిందటి దాకా వీధి చివర వచ్చే మనిషిని నడకను బట్టి కాదు, ముఖాన్ని బట్టే చెప్పగలిగిన మనిషి ఈమె.

డాక్టరమ్మ విని ఆశ్చర్యపోలేదు. షుగరు ఒకసారి చూసింది, పక్క వీధిలోని కంటి డాక్టరు దగ్గరికి పంపి పరీక్ష చేయించింది. శుక్లం గానీ వేరే జబ్బు గానీ లేదని తెలిశాక, మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. దగ్గరిది కనపడటం, దూరానిది మసకబారడం రెండూ ఒకే మార్పట. ఇన్ని రోజులు అంత ఆక్సిజన్ తీసుకుంటే కంటిలోపలి లెన్సు కొంచెం మారి చూపును దగ్గరికి లాగుతుందట. ఇలా చాలామందికి అవుతుంది, చికిత్స అయిపోయాక కొన్ని వారాల్లో, ఒక్కోసారి కొన్ని నెలల్లో, మళ్ళీ మునుపటిలా అవుతుంది. అందాకా కొత్త అద్దాలు చేయించవద్దు, నంబరు నిలకడగా ఉండదు. పిల్లను మాత్రం ఈమెకు ఒంటరిగా వదలకండని నన్ను హెచ్చరించింది.

నేను ఊపిరి పీల్చుకున్నాను. చూపు పోవడం లేదు, తిరిగి వస్తుంది. మా అత్త విన్నది వేరే. బస్సు రాప్తాడు దాటాక కిటికీలోంచి తనకు మసక మసకగా కనపడుతున్న బీడుపడ్డ వేరుశనగ చేలను చూస్తూ అంది.

"అయితే ఇది బాడుగ చూపు."

అంతే. నేను ఏదో ఓదార్పు మాట చెప్పబోయాను గానీ, ఆమె అప్పటికే లెక్క వేసుకుంటోందని నాకు తెలియలేదు. బాడుగకు తెచ్చిన వస్తువుతో మా వీధిలో ఎవరైనా ఒకటే చేస్తారు. తిరిగి ఇచ్చేలోపు రాత్రింబగళ్ళు వాడుకుంటారు.

మా అత్త పని అతకడం. మగ్గం మీద నిలువుగా పరిచిన దారాల వరస పడుగు. ఒక పడుగు నేసి అయిపోయాక, దారాలు దూరే పన్నె వెనక పాత పడుగు కొసలు కొంచెం మిగులుతాయి. కొత్త పడుగు దారాలను ఆ కొసలకు ఒక్కొక్కటిగా కలిపి, వేళ్ళకు బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. ముడి ఉండకూడదు, తర్వాత లాగితే విడిపోకూడదు. వేల పోగులు. ఆమె వయసులో ఉన్నప్పుడు మా వీధిలో సగం మగ్గాలకు ఆమే అతికేదట. కన్ను మసకబారాక ఎవరూ పిలవడం మానేశారు. ఇంట్లో నాడెలో వేసే దారపు కండెలు చుట్టడం, పాప ఉయ్యాల ఊపడం మిగిలాయి. నేను కోడలిగా వచ్చేసరికే ఆమె కండెలు చుట్టే అత్త. అతికే అత్తను నేను చూడనేలేదు.

ఆ వారాల్లో నేను చూశాను, కానీ దొంగచాటుగా జరుగుతున్నప్పుడు. ఆస్పత్రి నుంచి వచ్చాక నేను పాపను పడుకోబెట్టి, బట్టలుతికి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉండేది. పక్కింటామెతో మాట్లాడుతోందనుకునేదాన్ని. ఒకరోజు పాప జ్వరం మందు కొలవడానికి చిన్న చెంచా కోసం పక్కింటికి పోతే, వాళ్ళ మగ్గం లోపల, పన్నె వెనక మా అత్త కూర్చుని ఉంది. అతికేవాళ్ళంతా కూర్చునేట్టే, కుడి కాలు మడిచి ఎడమ తొడ కింద పెట్టుకుని. కట్టు కట్టిన పాదం మీదే ఆమె ఒంటి బరువంతా ఉంది. వేళ్ళు మాత్రం నేను అంతవరకూ చూడనంత వేగంగా కదులుతున్నాయి. నన్ను చూసి ఆపలేదు.

"కాలు," అన్నాను.

"నొప్పి లేదులే."

నొప్పి తెలియకపోవడమే ఆమె జబ్బు. ఆ మాట అక్కడ, పదిమంది ముందు చెప్పలేకపోయాను. రాత్రికి నా భర్తకు చెప్పాను. ఆయన తల ఎత్తకుండా, అతికేవాళ్ళు దొరకడం లేదని, మన మగ్గం మీద పడుగు కూడా ఈ వారంలో అయిపోతుందని అన్నాడు. అమ్మకు తాను చెప్తానన్నాడు. చెప్పలేదు. తల్లి మళ్ళీ అతుకుతోందని వీధిలో నలుగురు అంటుంటే ఆయన ముఖం ఎలా ఉందో నేను చూశాను గనక, ఎందుకు చెప్పలేదో కూడా నాకు తెలుసు.

తర్వాతి కట్టు మార్చినప్పుడు డాక్టరమ్మ చాలాసేపు వంగి చూసింది. అంతకు ముందు వారం గులాబీ రంగుకు తిరిగిన పుండు అంచులు తెల్లగా నాని ఉన్నాయి, ఒక పక్క చర్మం కింద నల్లగా రక్తం గడ్డకట్టింది. ఈ కాలి మీద కూర్చుంటున్నారా అని అడిగింది. మా అత్త తనకు వినపడనట్టు పైకప్పు చూసింది. బయటికొచ్చాక డాక్టరమ్మ నాతో కోపంగా మాట్లాడలేదు. ఇంకొక వారం ఇలాగే ఉంటే పెట్టె గురించి మాట్లాడుకోవడం అనవసరమనీ, ఆపరేషను తేదీ గురించి మాట్లాడుకోవాలనీ మెల్లగా చెప్పింది. మెల్లగా చెప్పడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మరుసటి రోజు పొద్దున నేను లేచేసరికి మా అత్త మా మగ్గం లోపల ఉంది. పాత పడుగు ముందురోజు సాయంత్రం అయిపోయింది. కొత్తది మిరపపండు ఎరుపు. నా భర్త బల్బు కిందికి దించి కట్టి ఇచ్చాడు. సగం అతికేసింది. ఈ రోజు ఆస్పత్రికి రానని, ఇది అయ్యాక చూద్దామని నాతో కాదు, పన్నెతో చెప్పింది.

నేను వంటింట్లోకి పోయి కాఫీ పెట్టాను. ఎంత పనిలో ఉన్నా కాఫీకి ఆమె లేస్తుంది. పట్టు దగ్గర గ్లాసు పెట్టుకోదు. ఆమె లేచి, గోడ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా రాగానే నేను పాపను చంకనేసుకుని మగ్గంలోకి దూరి ఆమె కూర్చున్న చోట కూర్చున్నాను. పాపను ఒడిలో పెట్టుకున్నాను. మా ముందు వందల ఎర్ర కొసలు వేలాడుతున్నాయి. పాప కళ్ళు పెద్దవయ్యాయి.

నా భర్తే ముందు చూశాడు. "ఏం చేస్తాండావు? లెయ్యి. పాప లాగిందంటే పడుగు పోతాది."

"అత్త బస్సెక్కుతానంటే లేస్తా."

అత్త కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడింది. "ముందు పాప చెయ్యి పట్టుకోవే."

"పట్టుకోను."

పాప చెయ్యి చాచింది. నేను పట్టుకోలేదు. నెలల కూలి ఆ ఎర్ర దారాల్లో ఉంది, నాకు తెలుసు. పాప ఒక కొసను వేలితో తాకి, మా ముఖాలు చూసి, ఇది ఆట కాదని తెలిసినట్టు ఆగింది.

మా అత్త గ్లాసు కిటికీలో పెట్టింది.

"చూడు. నీకు చదువుండాది, చెప్తా విను. కాలు లేకపోయినా నేను అతుకుతా. కన్ను లేకుంటే యాడ అతికేది? ఇన్నేండ్లు మూలన కూచోని కండెలు చుడ్తి. ఏమ్మా, ఈ పడుగు ఎట్లుండాదని నన్నడిగినోడు లేడు. నా కొడుకే అడగలే." నా భర్త తల దించుకున్నాడు. "ఇప్పుడు అడుగుతాండారు. ఈ చూపు పోయినాక ఆ కాలు పెట్టుకోని యాడికి పోవల్ల నేను?"

ఆమె చెప్పినదాంట్లో తప్పు వెతికాను, దొరకలేదు. నోటికి వచ్చింది ఒక్కటే, అది కూడా ఆలోచించి అన్నది కాదు.

"కన్ను నేను తెచ్చిస్తా అత్తా. కాలు నేను తేలేను."

"యాడ నుంచి తెస్తావు?"

"అద్దాలు చేయిస్తా."

"అద్దాలు నాకు లేవా?" అని పైన అలమర చూపించింది. ఒకప్పుడు కంటి శిబిరంలో ఇచ్చినవి, పాత గుడ్డలో చుట్టి పెట్టుకుంది. పెట్టుకుంటే పోగు రెండుగా కనపడి తల నొస్తుందని అప్పుడే విప్పేసింది.

"అవి పుస్తకానికి చేసినవి," అన్నాను. "పుస్తకం చేతిలో ఉంటాది. పన్నె అంత దగ్గర ఉండదు. నువ్వు ఏం చూస్తావని వాళ్ళు అడిగినారా?"

ఎవరూ అడగలేదు. చెప్పాలని ఆమెకూ తోచలేదు.

"అడిగించి చేయిస్తా. పోగు పెట్టి చూపిస్తా. కాలు మానినాకనే, చూపు నిలకడకు వచ్చినాకనే. అందాకా నువ్వు మగ్గంలో కూర్చోకూడదు."

పాపకు ఓపిక అయిపోయింది. ఒక ఎర్ర కొసను పిడికిట్లోకి తీసుకుంది.

"సరే," అంది అత్త. "సరే, పట్టుకో పాపను."

తర్వాత కిటికీలోని కాఫీ చల్లారిందని నన్ను తిట్టి, అదే తాగింది. మేము రెండో బస్సు అందుకున్నాం.

మిగిలిన సగం పడుగు అతకడానికి నా భర్త వేరే వీధి నుంచి ఒకామెను బతిమాలి తెచ్చాడు. నాలుగు రోజులు మగ్గం ఆగింది. ఆ వచ్చినామె అతుకుతున్నంతసేపూ మా అత్త మంచం మీద కాలు దిండు మీదికి ఎత్తుకుని, నీ బూడిద లావుగా ఉండాదమ్మా, నీ వేళ్ళకు నిద్రొస్తాండాదా తల్లీ అని సతాయించింది. ఆమె కూడా తక్కువది కాదు, ఒంటికాలి దొరసానికి నోటికేం తక్కువ లేదని బదులిచ్చింది. ఇద్దరూ చివరికి ఒకే తమలపాకు చించుకుని వేసుకున్నారు.

నేను మాట తప్పకూడదని ఒక పని ముందే చేసిపెట్టుకున్నాను. అత్తను మంచం మీద అతికేటప్పటిలా చేతులు పెట్టమని, రెండు కళ్ళ మధ్య నుంచి వేలి కొస దాకా ఒక దారం పట్టి ముడివేశాను. ఫొటోకు కూర్చున్నట్టు కదలకుండా కూర్చుంది. జాకెట్టు కుట్టిస్తావా నా కంటికి అని అడిగింది.

చికిత్స ఎనిమిది వారాలకు పెరిగింది. పుండు అడుగు నుంచి ఎర్రగా నిండుకుంటూ వచ్చింది. చివరిరోజు పెట్టె మూత తీసినప్పుడు ఆస్పత్రివాళ్ళతో, మీ పెట్టె నా కాలికి మంచిది, నా కంటికి అబద్ధాలు చెప్పింది అని నవ్వుతూ అంది. ఇంకొన్ని వారాలకు పుండు పూర్తిగా మూసుకుంది.

ఆ వారాలే నాకు అన్నిటికంటే కష్టమైనవి. దూరపు చూపు మెల్లగా తిరిగి వచ్చింది. ఒకరోజు వీధి చివర వస్తున్నది ఎవరో పేరు పెట్టి చెప్పింది, ఆ వారమే సూదిలో దారం ఎక్కించలేక నాకు ఇచ్చింది. రోజూ పొద్దున ఒక పట్టు పోగు వేలికి చుట్టుకుని చూసేది. చూసి, నాకు వినపడేట్టు చెప్పేది. ఈ రోజు ఉండాది. ఈ రోజు సగమే ఉండాది. ఈ రోజు వేలు మాత్రమే ఉండాది. పక్కింటామె తన తల్లిని నేను బస్సెక్కించలేదన్న కోపంలో, చదువుకున్నోళ్ళ మాటలు నీళ్ళమీద రాతలని పంపు దగ్గర అన్నది. నా భర్త బజారులో దొరికే రెడీమేడ్ అద్దాలు ఒక జత తెచ్చాడు. నేను తీసుకుని ట్రంకు పెట్టెలో దాచేశాను. కంటి డాక్టరు రెండుసార్లు చూసి, రెండుసార్లూ ఒకే నంబరు వస్తేనే రాస్తానన్నాడు. మొదటిసారికీ రెండోసారికీ తేడా వచ్చింది. మళ్ళీ ఆగాం.

"నీ అద్దాలు ఏ ఊర్లో ఉండాయే?" అని అడిగేది అత్త, అన్నం పెట్టుకుంటూ.

"దారిలో ఉండాయి," అనేదాన్ని. ఆమెకు కోపం వచ్చేది. నేను మాట మార్చలేదు. మార్చి ఉంటే, ఆమె మళ్ళీ ఎవరి మగ్గంలో కూర్చునేదో.

మూడోసారి పోయినప్పుడు నంబరు నిలబడింది. కంటి డాక్టరు దగ్గరి చూపుకు ఒక అట్ట ఇచ్చి చదవమన్నాడు. నాకు అక్షరాలు రావు సార్ అంది అత్త. బొమ్మల అట్ట ఇచ్చాడు. అప్పుడు నేను సంచిలోంచి తెచ్చిన పాత పడుగు తునకను, ముడివేసిన దారాన్ని, కాగితంలో కట్టిన బూడిదను బల్ల మీద పెట్టి, ఈమె చూసేది ఇంత దూరంలో ఇది, దీనికి రాయండి అని చెప్పాను. నవ్వుతాడేమోనని ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాను. ఆయన నవ్వలేదు. దారం ముక్కు మీద నుంచి పట్టి కొలిచాడు. పరీక్ష అద్దాల చట్రం ఆమె ముఖానికి తగిలించి, ఒక్కో గాజు మార్చుతూ పోయాడు. ఆమె ఒక్కోదానికి తల అడ్డంగా ఊపింది. ఇది దూరం, ఇది మరీ దగ్గర, ఇది తల తిప్పుతాండాది. బయట కూర్చున్నవాళ్ళు విసుక్కోవడం నాకు వినపడుతోంది. ఏదో ఒక గాజు దగ్గర ఆమె తల ఊపడం ఆగిపోయింది. బూడిదలో వేళ్ళు అద్దుకుని రెండు కొసలు కలిపి మెలిపెట్టింది. లాగి చూసింది. నిలబడింది.

"ఇదే," అంది. నాతో కాదు, ఆయనతో.

అద్దాలు మొన్న సాయంత్రం వచ్చాయి. ఇంతవరకూ వచ్చాక రాసుకోవాలనిపించి, పాప నిద్రపోయాక కూర్చున్నాను.

మగ్గంలో పన్నె వెనక నా భర్త ఒక చెక్క పలక వేశాడు, కాలు మడవకుండా చాచి కూర్చునేట్టు. ఆమె రోజుకు ఒక పూటకంటే ఎక్కువ కూర్చోనని ఒప్పుకుంది, మధ్యలో లేచి కాలు చూపించాలన్నది నా షరతు. నిన్న పొద్దున అద్దాలు పెట్టుకుని పలక మీద కూర్చుంది. నేను రోజూ చేసినట్టే పాదం చూడటానికి వంగాను. ఆమె నా చెయ్యి తోసేసి, తన కుడి పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని ఎత్తి, అరికాలు తన వైపు తిప్పుకుంది.

అప్పుడు నాకు తట్టింది. ఆమె ఆ పుండును ఒక్కసారి కూడా చూడలేదు. మొదట్లో చూపు లేదు. చూపు వచ్చిన వారాల్లో కట్టు ఉంది, కట్టు విప్పినప్పుడు ఆమె వెల్లకిలా పడుకుని పైకప్పు చూసేది. ఆ తర్వాత చూపు మళ్ళీ పోయింది.

చాలాసేపు చూసింది. బొటనవేలి మొదట్లో నాణెం కంటే పెద్దగా, నున్నగా, వేరే రంగులో మెరుస్తున్న చర్మాన్ని వేలితో తడమకుండా, కంటితోనే.

"ఇంతదా?" అంది. "ఇంత పుండని నాకు చెప్పలేదే మీరు."

"రోజూ చెప్పినా గదా అత్తా."

"చెప్తే కనపడతాదా?" అంది.

పాదాన్ని మెల్లగా, గుడ్డు దించినట్టు పలక మీద దించి, కింద ఒక మెత్తటి గుడ్డ వేయమంది.